చీటీ ఎవరిదైతే డ్రింకు వాళ్లది: సెవెనప్ కథ, కాలవ గట్టు సోడా కథ

(రామచంద్రపురం గ్రంథాలయంలో ఒక వేసవి సాయంత్రం జరిగిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారమండి. వెనక నిలబడ్డవాళ్లు లోపలికి రండి, ముందు వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఫ్యాను కింద కూర్చోండి. రోహిణి కార్తెలో ఉపన్యాసం వినడానికి వచ్చారంటే మీకే దండం పెట్టాలి.

కూల్ డ్రింకు గురించి మాట్లాడతానంటే గ్రంథాలయం వాళ్లు ముందు ఆశ్చర్యపోయారు. తర్వాత వాళ్లే అన్నారు, "మాస్టారూ, ఈ ఊళ్లో కాకపోతే ఇంకెక్కడ మాట్లాడతారు" అని. నిజమే కదండీ? 1919లోనే డ్రింకు తయారుచేసిన ఊరు ఇది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు ఈ బల్ల మీది సీసా చూడండి. సెవెనప్. ఇందాక బస్టాండు పక్క కొట్లో కొన్నాను. ఆకుపచ్చ సీసా, చూడగానే నిమ్మకాయ గుర్తొస్తుంది. తాగితే నిమ్మ వాసన, నిమ్మ పులుపు. కానీ ఇలాంటి డ్రింకుల చీటీ మీద చిన్న అక్షరాల్లో ఒక మాట ఉంటుంది. నాకైతే కళ్లజోడు పెట్టుకుంటే గాని కనపడదు. ఇందులో పండు లేదు అని. నిమ్మ డ్రింకు, నిమ్మకాయ లేదు! మరి ఆ పులుపు ఎక్కణ్ణించి వచ్చింది? పోనీ సీసాలో ఉన్నదేమిటి? నీళ్లు, పంచదార, గ్యాసు. అవి అన్ని ఊళ్లలోనూ ఉన్నవే. అలాంటప్పుడు ఇది ఒకరి సొత్తు ఎలా అయింది? నన్ను చాలా ఏళ్లుగా పట్టుకున్న ప్రశ్న ఇది. ఎందుకు పట్టుకుందో చెప్పాలంటే మా ఇంటి నుంచి మొదలుపెట్టాలి.

మాది ద్రాక్షారామం దగ్గర పల్లెటూరు. కాలవ గట్టు మీద మా నాన్నగారికి సోడా కొట్టు ఉండేది. ఇక్కడున్న పెద్దవాళ్లు సోడా మిషను చూసే ఉంటారు. పిల్లల కోసం చెబుతాను. ఒక ఇనప చట్రం. అందులో రెండు సీసాలు పట్టే తొట్టి. పక్కన గ్యాసు బండ. నీళ్లు పోసిన సీసా మూతిని గ్యాసు గొట్టానికి ఆనించి, బిగించి, పిడి పట్టుకుని తిప్పాలి. సీసా కిందికీ పైకీ తిరిగినప్పుడల్లా గ్యాసు నీళ్లలో కలుస్తుంది. ఇక చాలనుకున్నాక సీసాని తలకిందులుగా ఆపితే గోలీ జారి మూతి దగ్గరున్న రబ్బరు వాచరుకి అతుక్కుంటుంది. లోపలి గ్యాసే దాన్ని అక్కడ నొక్కి పట్టి ఉంచుతుంది. బిరడా లేదు, రేకు మూత లేదు. గ్యాసే మూత! లండన్‌లో హైరమ్ కాడ్ అనే ఇంజనీరు 1872లో ఈ సీసాకి పేటెంటు తీసుకున్నాడు. ఆ పేరు మా నాన్నగారికి తెలియదు. కానీ గోలీ జారే చప్పుడు విని గ్యాసు సరిపడా పట్టిందో లేదో చెప్పేవారు.

నాన్నగారు తెల్లారకుండానే సోడా కొట్టేవారు. ఎందుకు నాన్నా అంటే, పొద్దున్నే నీళ్లు చల్లగా ఉంటాయిరా, గ్యాసు బాగా పడుతుంది అనేవారు. తర్వాత కాలేజీలో కెమిస్ట్రీ చదువుతుంటే అదే మాట పుస్తకంలో కనపడింది. ముప్ఫై డిగ్రీల నీళ్లు పట్టే కార్బన్ డయాక్సైడు కంటే సున్నా డిగ్రీల నీళ్లు రెట్టింపుకు పైగా పడతాయి. ఆ పేజీ చదువుతూ నేను కాసేపు పుస్తకం మూసేశాను. ఆ పాఠం నాకు ముందే చెప్పినాయన ఐదో తరగతి దాకా చదివారు.

నేను ఏడో తరగతిలో ఉండగా ఒకసారి సీసా పేలింది. మిషను తిప్పేటప్పుడు ఎప్పుడూ గోనెసంచి కప్పేవారు, ఆ ఒక్క రోజు మరిచిపోయారు. ఎడమ మణికట్టు పైన నాలుగు కుట్లు పడ్డాయి. మర్నాడు కట్టుతోనే కొట్టు తీశారు. సోడా అంటే నాకు ఇప్పటికీ ఆ చెయ్యే గుర్తొస్తుంది.

సరే, ఇక సెవెనప్‌కి వద్దాం. అమెరికాలో మిస్సిసిపీ నది ఒడ్డున సెయింట్ లూయీస్ అనే ఊరు. అక్కడ చార్లెస్ లైపర్ గ్రిగ్ అనే ఆయన ఉండేవాడు. 1868లో పుట్టాడు. ప్రకటనలు రాయడం, సరుకు అమ్మడం ఆయన పని. ముందు వేరే యజమాని దగ్గర విజిల్ అనే ఆరెంజ్ డ్రింకుని జనంలోకి తీసుకెళ్లాడు. ఆ యజమానితో గొడవొచ్చి బయటికి వచ్చేశాడు. మరి ఆయన పేరు తెచ్చిపెట్టిన విజిల్? అది యజమానిదే కదా, అక్కడే ఉండిపోయింది. గ్రిగ్ చేతిలో ఏమీ మిగల్లేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

అప్పుడు సొంతంగా హౌడీ అనే ఆరెంజ్ డ్రింకు పెట్టాడు. అప్పటికే ఆరెంజ్ క్రష్ అనే పెద్ద డ్రింకు బజారంతా ఆక్రమించేసింది. దాని ముందు హౌడీ నిలవలేదు. ఆరెంజ్ వదిలేసి నిమ్మ వైపు తిరిగాడు. రెండేళ్లకు పైగా పాళ్లు మార్చి మార్చి చూశాడు. 1929 అక్టోబరులో కొత్త డ్రింకు విడుదల చేశాడు. అప్పటికి ఆయనకి 61 ఏళ్లు. మన ఊళ్లో ఆ వయసుకి అరుగు మీద పేపరు చదువుకుంటాం. ఆయన కొత్త వ్యాపారం మొదలుపెట్టాడు. సుమారు రెండు వారాలకి న్యూయార్కులో షేర్ మార్కెట్టు కుప్పకూలింది. దేశమంతా మాంద్యం. డ్రింకు మాత్రం బతికింది!

దాని మొదటి పేరు వింటారా? బిబ్ లేబుల్ లిథియేటెడ్ లెమన్ లైమ్ సోడా. ఇంత పేరు పెడితే ఎవడు అడిగి కొంటాడండీ? కానీ ఆ పేరులో రెండు ముక్కలు నాకు చాలా ముఖ్యం.

మొదటిది బిబ్ లేబుల్. బిబ్ అంటే చంటిపిల్లల మెడకి అన్నం తినిపించేటప్పుడు కట్టే గుడ్డ. అలా సీసా మెడ దగ్గర అతికించే కాగితం చీటీ అన్నమాట. సీసా మామూలుదే, పేరు లేనిది. దాని మీద చీటీ అంటిస్తే అది గ్రిగ్ డ్రింకు. చీటీ తీసేస్తే ఎవరి డ్రింకు? ఎవరిదైనా కావచ్చు. వాళ్ల డ్రింకు పేరులోనే చీటీ ఉందండీ, అది చూసి నేను ఆగిపోయాను. గ్రిగ్ ఊరూరా ఫ్యాక్టరీలు పెట్టలేదు. ఎసెన్సు తయారుచేసి ఊరూరా ఉన్న సోడా ఫ్యాక్టరీలకి పంపేవాడు. నీళ్లు వాళ్లవి, గ్యాసు వాళ్లది, చాకిరీ వాళ్లది. చీటీ మాత్రం గ్రిగ్‌ది.

రెండో ముక్క లిథియేటెడ్. అంటే లిథియం కలిపినది. కంగారుపడకండి, ఇప్పుడు లేదు. ఆ రోజుల్లో లిథియం ఉన్న ఊట నీళ్లు ఒంటికి మంచిదని జనం ఎగబడి తాగేవారు. ఆ నమ్మకం మీద డ్రింకులో లిథియం సిట్రేటు కలిపారు. మనసు తేలికపడుతుంది, చిరాకు పోతుంది అని ప్రకటనలు వేశారు. 1948లో అమెరికా ప్రభుత్వం డ్రింకుల్లో లిథియం వద్దంది, తీసేశారు. ఆ మరుసటి ఏడాది, 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టరు ఉన్మాదంతో బాధపడే రోగులకి లిథియం ఇస్తే నెమ్మదిస్తున్నారని ప్రచురించాడు. మనసు ఒకసారి ఉప్పొంగి ఒకసారి కుంగిపోయే బైపోలార్ జబ్బుకి ఇవాళ్టికీ డాక్టర్లు రాసేది అదే. రక్తపరీక్షలు చేయిస్తూ, మోతాదు చూసుకుంటూ రాస్తారు. హెచ్చయితే విషం. అలాంటి మందుని సీసాలో పోసి పిల్లా పెద్దా అందరికీ దాదాపు ఇరవయ్యేళ్లు అమ్మారు. చెడ్డవాళ్లు కాబట్టి అమ్మారని నేననను, ఆనాడు అంతే తెలుసు. ఇవాళ మనం ఇష్టంగా తాగేవాటి గురించి మనకి తెలిసింది ఎంత?

తర్వాత పేరు కుదించి సెవెనప్ అన్నారు. ఏడు ఎందుకంటే రకరకాలుగా చెబుతారు. ఏడు దినుసులని కొందరు, ఏడు ఔన్సుల సీసా అని కొందరు, లిథియం పరమాణు భారం ఏడు కాబట్టి అని మాలాంటి కెమిస్ట్రీ మాస్టర్లు. గ్రిగ్ మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. 1940లో చనిపోయాడు, రహస్యం ఆయనతోనే పోయింది.

ఇప్పుడు నిమ్మకాయ సంగతి. ఇది కొంచెం నిదానంగా చెబుతాను. లెమన్, లైమ్ అని ఇంగ్లీషులో రెండు మాటలున్నాయి. లెమన్ అంటే దొడ్డు తొక్క ఉన్న పెద్ద పసుపుపచ్చ కాయ. లైమ్ అంటే పల్చటి తొక్క, చిన్న కాయ. మరి ఏలూరు మార్కెట్టు నుంచి లారీలకెక్కి వేరే రాష్ట్రాలకి పోయే మన నిమ్మకాయ ఏది? లైమ్! చిన్నప్పటి నుంచి మనం దాన్ని లెమన్ అని బళ్లో చదువుకున్నాం.

అయితే నిమ్మకాయ పిండుకుని సోడా కలుపుకుంటే సెవెనప్ రుచి ఎందుకు రాదు? ఎప్పుడైనా ప్రయత్నించారా? రాదు. ఎందుకంటే అందులో వాసన రసానిది కాదు, తొక్కలోని నూనెది. ఈ డ్రింకుల్లో వాడే లైమ్ నూనె తీయడానికి కాయని తొక్కతో సహా నలగ్గొట్టి, ఆ పుల్లటి ముద్దనే బట్టీ పెడతారు, అంటే మరిగించి ఆవిరి పడతారు. ఆ పులుపులో ఆ వేడికి నూనె మారిపోతుంది. పచ్చి నిమ్మ వాసన తగ్గి కొత్త వాసన పుడుతుంది. మనం కూల్ డ్రింకు వాసన అంటామే, అది ఆ బట్టీలో పుట్టినదే. ఇంకో చిక్కుంది. నూనె నీళ్లలో కలవదు, తేలుతుంది. సీసా తెల్లగా మెరవాలంటే ఆ నూనెలో నీళ్లకి లొంగని భాగం తీసేసి, లొంగే సారం మాత్రం ఉంచుకోవాలి. సెవెనప్, స్ప్రైట్ అద్దంలా ఉండేది అందుకే.

మరి పులుపు? అది నిమ్మ ఉప్పు. మీ వంటింట్లో ఉన్నదే. సిట్రిక్ ఆసిడ్. వందేళ్ల కిందట దాన్ని నిమ్మకాయల నుంచే తీసేవారు. ముఖ్యంగా ఇటలీ నుంచి వచ్చేది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ సరఫరా దెబ్బతింది. 1917లో జేమ్స్ కరీ అనే శాస్త్రవేత్త ఒక బూజు చక్కెరని తిని సిట్రిక్ ఆసిడ్ బాగా విడుస్తుందని చూపించాడు. ఏ బూజో తెలుసా అమ్మా? ఉల్లిపాయ వలుస్తుంటే పైపొర మీద మసిలా నల్లగా అంటుకుని ఉంటుందే, అదే జాతి. 1919లో ఫైజర్ కంపెనీ న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో ఆ పద్ధతిలో తయారీ మొదలుపెట్టింది. ఇవాళ ప్రపంచంలో తయారయ్యే సిట్రిక్ ఆసిడ్ దాదాపు అంతా బూజు చేసిందే. పులుపు కోసం నిమ్మకాయ అక్కర్లేకుండా పోయింది.

1919. ఆ ఏడాది మళ్లీ వచ్చింది చూశారా. బ్రూక్లిన్‌లో నిమ్మ ఉప్పు, రామచంద్రపురంలో అద్దూరి రామచంద్రరాజు గారి సోడా. అదే ఆర్టోస్. గోదావరి జిల్లాల పెళ్లిళ్లలో ఊదారంగు ద్రాక్ష డ్రింకు తాగనివాళ్లు ఇక్కడెవరైనా ఉన్నారా? సెవెనప్ పుట్టడానికి పదేళ్ల ముందు నాటిదండీ ఇది!

మళ్లీ అమెరికా వెళ్దాం. 1960లలో సెవెనప్‌కి పెద్ద కష్టం వచ్చింది. జనం దృష్టిలో కూల్ డ్రింకు అంటే కోలాయే. సెవెనప్ అంటే కడుపు బాగోలేనప్పుడు తాగేది, మద్యంలో కలుపుకునేది. 1967 ప్రాంతంలో ప్రకటనల వాళ్లు దానికి అన్‌కోలా అని పేరు పెట్టారు. కోలా కానిది. ఏమిటి నువ్వు అంటే నేను ఫలానా అని చెప్పుకోలేదు, నేను వాడిని కాను అని చెప్పుకుంది. యుద్ధాలూ ఉద్యమాలూ నడుస్తున్న రోజులు, కుర్రాళ్లు పెద్దవాళ్ల మాట కాదంటున్న రోజులు. ఆ మాట కుర్రాళ్లకి పట్టేసింది. తర్వాత జెఫ్రీ హోల్డర్ అనే ట్రినిడాడ్ నటుడు, ఆజానుబాహుడు, తెల్ల సూటులో నిలబడి ఒక చేతిలో కోలా గింజలు, ఇంకో చేతిలో నిమ్మకాయలు పట్టుకుని, ఇవి అన్‌కోలా గింజలు అని గంభీరంగా చెప్పేవాడు. డ్రింకులో ఒక్క చుక్క మారలేదు. చీటీ మీద మాట మారింది, అంతే.

ఇక అమ్మకాలు. 1978లో సిగరెట్ల కంపెనీ ఫిలిప్ మోరిస్ సెవెనప్‌ని కొంది. 1986లో వదిలించుకుంది. మొత్తం కొనాలని పెప్సీ చూసింది, పోటీ చచ్చిపోతుందని ప్రభుత్వం అడ్డం పడింది. చివరికి అమెరికా బయటి హక్కులు పెప్సీకి వెళ్లాయి, అమెరికా లోపలివి వేరేవాళ్ల చేతికి వెళ్లి డాక్టర్ పెప్పర్ అనే ఇంకో డ్రింకు కంపెనీతో కలిశాయి. ఇవాళ్టికీ అంతే. ఒకే పేరు, ఒకే ఆకుపచ్చ రంగు. సెయింట్ లూయీస్‌లో కొంటే డబ్బు ఒక కంపెనీకి, రామచంద్రపురంలో కొంటే ఇంకో కంపెనీకి. అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నట్టు పేరుని పంచుకున్నారు.

మన దేశం సంగతి పెద్దవాళ్లకి తెలుసు. 1977లో జనతా ప్రభుత్వం వచ్చింది, జార్జ్ ఫెర్నాండెజ్ పరిశ్రమల మంత్రి. విదేశీ కంపెనీలు ఇక్కడ వాటా తగ్గించుకోవాలన్న చట్టానికి లోబడక కోకకోలా వెళ్లిపోయింది. ఆ ఖాళీలో పార్లే వాళ్ల థమ్సప్, గోల్డ్ స్పాట్, లిమ్కా ఏలాయి. లిమ్కా మన దేశపు నిమ్మ డ్రింకు. మబ్బు పట్టినట్టుంటుంది, గుర్తుందా? నూనెని సారం తీయకుండా నీళ్లలో నిలబెడితే ఆ మబ్బు వస్తుంది. నూనె తేలకుండా ఉండడానికి బ్రోమిన్ అనే రసాయనం పట్టించిన మొక్కల నూనె ఇలాంటి డ్రింకుల్లో చాలా దేశాల్లో కలిపేవారు. మన దేశం 1990లోనే దాన్ని నిషేధించింది. అమెరికా ఎప్పుడు నిషేధించిందనుకుంటున్నారు? 2024లో. ముప్ఫై నాలుగేళ్ల తర్వాత! మనం వెనకబడ్డాం అనుకునేవాళ్లకి ఈ సంగతి చెప్పండి.

1990లో పెప్సీతో పాటు సెవెనప్ వచ్చింది. విదేశీ పేరు ఒక్కటే పెట్టకూడదన్నారు కాబట్టి లెహర్ అని ముందు తగిలించారు. లెహర్ సెవెనప్. జుట్టు నిక్కబొడుచుకున్న సన్నటి బొమ్మ కుర్రాడు, ఫిడో డిడో, దాని ప్రకటనల్లో కనపడేవాడు. 1993లో కోకకోలా తిరిగొచ్చి లిమ్కా, థమ్సప్, గోల్డ్ స్పాట్, సిట్రా, మాజా అన్నీ కొనేసింది. సిట్రా ఎవరికైనా గుర్తుందా? తెల్లటి నిమ్మ డ్రింకు, బాగుండేది. కొన్నవాళ్లకి అక్కర్లేదు, మాయమైపోయింది. తర్వాత 1999లో స్ప్రైట్ దింపారు. అది 1959లో పశ్చిమ జర్మనీలో ఫాంటా పేరుతో పుట్టి, 1961లో అమెరికాలో స్ప్రైట్ అయింది.

మా కాలవ గట్టుకి ఇవన్నీ ఫ్రిజ్జు రూపంలో వచ్చాయండీ. తొంభైల చివర్లో ఒక కంపెనీ డిస్ట్రిబ్యూటరు మా నాన్నగారి దగ్గరకొచ్చాడు. అద్దాల తలుపు ఫ్రిజ్జు ఉచితంగా ఇస్తామన్నాడు. ఎంత సంతోషమో మాకు! తర్వాత షరతు చెప్పాడు, ఫ్రిజ్జులో వేరే డ్రింకులు పెట్టకూడదు. మా నాన్నగారు అడిగారు, "నా సోడా కూడానా బాబూ?" అని. అతను జవాబు చెప్పడానికి మొహమాటపడ్డాడు. తప్పు అతనిది కాదు, అతనికి చెప్పి పంపిన మాట అది. నాన్నగారు ఫ్రిజ్జు తీసుకున్నారు. నా చదువు, చెల్లెలి పెళ్లి ఉన్నాయి మరి. సోడా సీసాలు బయట నీళ్ల తొట్టిలోకి వెళ్లాయి. ఎండాకాలంలో జనం చల్లటిదే అడుగుతారు కదా. రెండేళ్లలో మిషను ఆగిపోయింది.

చాలా రోజులు నాకు ఆ ఫ్రిజ్జు మీదే కోపం ఉండేది. గ్రిగ్ కథ తెలిశాక వేరేగా ఆలోచించాను. మా నాన్నగారి సోడాకి పేరు లేదు. కాలవ గట్టు సోడా అనేవారు జనం. సీసా మీద చీటీ లేదు, రాసిన మాట లేదు. ముప్ఫై ఏళ్లు ఆ చేత్తో తిప్పిన సోడా ఆగిపోతే ఫలానాది ఆగిపోయింది అనడానికి ఒక పేరు లేదు. విజిల్ వదిలి బయటికొచ్చిన రోజున గ్రిగ్‌కి తెలిసొచ్చింది అదే, అందుకే తర్వాతి డ్రింకుకి చీటీ తనే అంటించుకున్నాడు. మీ ఊళ్లో రాజుగారి కుటుంబం పెద్ద కంపెనీలు అన్నీ వచ్చాక కూడా పేరు వదులుకోలేదు. వందేళ్లు దాటినా ఆ ఇంటివాళ్ల చేతిలోనే ఉంది. ఎంత కష్టమో నాకు తెలుసు. ఆ కుటుంబానికి ఈ సభలో నా నమస్కారాలు.

ఇప్పుడు మన కుర్రాళ్లు మండపేటలో, రావులపాలెంలో, అమలాపురంలో మళ్లీ గోలీ సోడా పెడుతున్నారు. నిమ్మ, అల్లం, జీలకర్ర, సుగంధి. రుచి చూశాను, బాగున్నాయి. కలిసిన ప్రతివాడినీ నేను ఒకటే అడుగుతున్నాను, పేరు రిజిస్టరు చేయించావా నాన్నా అని. చాలామంది ఇంకా లేదు మాస్టారూ అంటున్నారు. ఇక్కడ అలాంటివాళ్లు ఎవరైనా ఉంటే సభ అయ్యాక నన్ను కలవండి. కాగితాలు ఎలా పెట్టాలో కూర్చుని రాసిద్దాం. అందుకే రాత్రి బస్సుకి వెళదామని వచ్చాను.

ఈ సంచిలో ఇంకో సీసా ఉంది. మా ఇంట్లో మిగిలిన నాన్నగారి సీసా. మెడ దగ్గర పచ్చగా, నొక్కులతో, చూడండి. పొద్దున్న మండపేటలో ఒక కుర్రాడు దీన్ని నింపి ఇచ్చాడు, పాత వాచరు మార్చి మరీ. నిమ్మకాయ కూడా తెచ్చాను, పెద్దాపురం దారిలో కొన్నది. ఇదిగో, ముందు వరసలో ఆ పాప, నువ్వు రామ్మా. బొటనవేలు ఇక్కడ పెట్టి గట్టిగా నొక్కు. భయపడకు, నేను పట్టుకున్నాను. గోలీ లోపలికి జారుతుంది. ఆ చప్పుడు అందరూ వినండి.